ఉక్కునకు పదును

మన కృష్ణా డెల్టాలో నల్లరేగడి దున్ను రైతు వాన వెలిసిన వెంటనే అరక కట్టడు. నేల ముద్దగా నున్నప్పుడు దున్నినచో మన్ను కఱ్ఱునకు అంటుకొని నాగలి సాగదు. పూర్తిగ ఎండిన పిమ్మట దున్నినచో పెద్ద పెద్ద పెళ్ళలు లేచును. ఈ రెంటికి నడుమ ఒక స్థితి కలదు. రైతు పిడికెడు మన్ను తీసి నలిపి చూచి, ఆ స్థితిని గుర్తించి, నేల పదునుమీద నున్నదని చెప్పును. ఆ రైతే కొడవలి మొద్దుపడినప్పుడు కొలిమికి పోయి దానికి పదును పెట్టుమని కమ్మరిని అడుగును. నేలకును ఉక్కునకును మన భాష ఒకే మాట నిచ్చినది.

ఆ మాటలో ఒక శాస్త్రసత్యము కలదు. నేల విషయమున పదును అనగా మిక్కిలి తడియు కాదు, మిక్కిలి ఎండుదనమును కాదు. ఉక్కు విషయమునను అంతే. మిక్కిలి కాఠిన్యము పదును కాదు. మిక్కిలి మెత్తదనమును పదును కాదు. చేయబోవు పనికి తగిన నడిమి స్థితియే పదును. ఉక్కు ఆ స్థితికి ఎట్లు వచ్చునో, ఏల వచ్చునో విద్యార్థులకు బోధపడునట్లు ఈ వ్యాసమున వివరింప తలచితిమి.

అంచును రాతిమీద నూరి వాడి చేయుటను సైతము లోకమున పదును పెట్టుట యందురు. మేము చెప్పబోవునది అది కాదు. సానరాతిమీద వచ్చునది వాడి; కొలిమిలో వచ్చునది పదును. కొలిమిలో పదును కుదరని కత్తిని సానమీద ఎంత నూరినను ఆ వాడి రెండు దినములు నిలువదు.

ఇనుము, ఉక్కు

మొదట ఉక్కు అనగా నేమో తెలిసికొందము. ఉక్కు ఇనుమునకు భిన్నమైన లోహము కాదు. కొంచెము కర్బనము కలిసిన ఇనుమే ఉక్కు. కర్బనము మన పొయ్యిలోని బొగ్గునందలి ముఖ్యపదార్థము. అది నూటికి 0.1 పాలు కూడ లేనిచో ఇనుము మెత్తగ నుండి సుత్తిదెబ్బకు సాగును. దానితో మేకులును తీగెలును చేయవచ్చును. నూటికి 0.6 మొదలు 1 పాలు వఱకు నున్నచో కత్తులు, ఉలులు, సూదులు, స్ప్రింగులు చేయదగిన ఉక్కు అగును. రెండు పాళ్ళు మించినచో పోత ఇనుము. అది అచ్చులలో పోయుటకు మంచిది గాని, గట్టిగ కొట్టినచో పగులును.

ఇంత స్వల్పమైన కర్బనము ఇంత భేదము కలిగించునని లోకము చాల ఆలస్యముగ గ్రహించెను. 1722లో ఫ్రాన్సు దేశస్థుడు రేమూర్ ఇనుమును ఉక్కుగా మార్చు విధమునుగూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను గాని, ఉక్కులోనికి చేరునది కర్బనమని ఆయనకు తెలియదు. 1786లో వాండర్‌మాండ్, బెర్తొలే, మోంజ్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆ సంగతిని స్పష్టపఱచిరి. అంతకు అనేక శతాబ్దముల పూర్వమే మన దేశపు కమ్మరులు మూసలలో ఇనుమును కర్బనముతో కలిపి కరగించి ఉక్కు చేయుచుండిరి. ఆ సంగతి ముందు వచ్చును.

మూడు సూదుల పరీక్ష

ఇక ఒక పరీక్ష. దీనిని ఉపాధ్యాయుల యెదుట ప్రయోగశాలలోనే చేయవలెను. సూదిని పట్టుకారుతో పట్టవలెను. కండ్లకు అద్దములు ధరింపవలెను. విఱిగిన సూదిముక్క కంటిలో పడినచో కన్ను పోవును.

బట్టలు కుట్టు ఉక్కుసూదులు మూడు తీసికొనుడు. మొదటిదానిని మంటలో ఎఱ్ఱగ కాల్చి, మెల్లమెల్లగ మంటనుండి పైకి తీయుచు చల్లారనిండు. రెండవదానిని అట్లే ఎఱ్ఱగ కాల్చి, తటాలున చల్లని నీట ముంచుడు. మూడవదానిని కూడ కాల్చి నీట ముంచి, పిమ్మట ఉప్పుకాగితముతో రుద్ది మెఱయునట్లు చేసి, ఇనుపపెనముమీద పెట్టి క్రింద సన్నని మంట పెట్టుడు. కొంతసేపటికి సూది పసుపువన్నెకు తిరిగి, తరువాత గోధుమవన్నెకును, ఊదావన్నెకును, కడపట నీలమునకును వచ్చును. నీలము కనబడగనే పెనము మీదనుండి తీసివేయుడు.

ఇప్పుడు మూటిని పట్టుకారుతో వంచి చూడుడు. మొదటిది తీగెవలె వంగి, వంగినట్లే యుండిపోవును. రెండవది వంగదు, పుటుక్కున విఱుగును. మూడవది కొంత వంగి, విడువగనే మఱల తిన్ననగును.

మూడు సూదులును ఒకే పెట్టెలోనివి. మూటియందు ఇనుమొకటే, కర్బనమొకటే. భేదమంతయు కాచుటలోను, చల్లార్చుటలోను కలదు. మొదటి సూదికి మెత్తదనము వచ్చినది. రెండవ సూదికి కాఠిన్యము వచ్చినది గాని, దానితోపాటు పెళుసుదనమును వచ్చినది. మూడవ సూది తన కాఠిన్యములో కొంత వదలుకొని, దానికి బదులుగ చేవను సంపాదించినది. దెబ్బకు పగులక, బరువునకు లొంగక ఓర్చుకొను గుణమునే ఇచట చేవ అనుచున్నాము. ఈ రెండవ కాపే పదునులోని ముఖ్యభాగము.

లోపల జరుగునది

ఇట్లేల జరుగును? కంటికి ముద్దగ కనబడు ఉక్కు లోపల ఇనుపపరమాణువులు వరుసలు తీర్చి యుండును. మామూలు వేడిమిలో ఆ కూర్పు పెట్టెవంటిది: ఎనిమిది మూలలందు ఎనిమిది పరమాణువులు, పెట్టె నడుమ ఒకటి. ఉక్కును 727 డిగ్రీల సెంటిగ్రేడునకు పైగ తగినంత కాచినప్పుడు ఈ కూర్పు మాఱును: నడుమనున్నది పోయి, పెట్టె ఆఱు ముఖములందును ఒక్కొక్క పరమాణువు వచ్చి చేరును. ఈ రెండవ కూర్పులోని సందులలో కర్బనపరమాణువు ఇముడును. మొదటి కూర్పులో దానికి చోటు దాదాపు లేదు.

కాలిన ఉక్కును మెల్లగ చల్లార్చినచో, కూర్పు మఱల మాఱునప్పుడు కర్బనము సావకాశముగ బయటికి నడచి, కొంత ఇనుముతో కలిసి కఠినమైన సన్నని పొరలుగ ఏర్పడును. ఆ పొరలకు నడుమ మెత్తని ఇనుపపొరలు నిలుచును. సూక్ష్మదర్శినిలో ఈ పొరలు ముత్యపుచిప్పవలె తళుకుమనుటచే దీనికి పెర్లైటు అని పేరు వచ్చినది. ఇదియే మొదటి సూది.

నీట ముంచినచో కర్బనమునకు నడచిపోవ వ్యవధి యుండదు. కూర్పు మాఱును గాని, కర్బనము లోపలనే చిక్కుకొనును. పెట్టె ఒకవైపు సాగి బిగిసిపోవును. ఇట్లు బిగిసిన కూర్పు కదలదు గనుక ఉక్కు కఠినమగును. కదలలేదు గనుకనే దెబ్బ తగిలిన పగులును. జర్మనీ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేర దీనిని మార్టెన్సైటు అందురు. ఇది రెండవ సూది.

మఱల 200 మొదలు 300 డిగ్రీల వఱకు కాచినచో, చిక్కుకొనిన కర్బనములో కొంత మెల్లగ వెలువడి అతిసూక్ష్మమైన కణములుగ ఏర్పడును. బిగువు సడలును; చేవ వచ్చును. ఎంత ఎక్కువ కాచిన అంత సడలును. ఇది మూడవ సూది.

ఉక్కును నునుపు చేసి, ఆమ్లముతో తడిపి, సూక్ష్మదర్శినిలో చూచు పద్ధతిని 1863 ప్రాంతమున ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హెన్రీ సార్బీ ప్రారంభించెను. పనితనము వేల యేండ్లది. దానికి కారణము తెలిసినది మాత్రము నిన్న మొన్న.

కమ్మరి కన్ను

ఉష్ణమాపకము లేని కమ్మరి ఇన్ని డిగ్రీలని ఎట్లు తెలిసికొనును? అతని ఉష్ణమాపకము కన్ను. కొలిమి పాకలు చీకటిగ నుండుట చూచి, బీదతనముచే కిటికీ పెట్టలేదని కొందఱు తలంతురు. ఎండలో కాలిన ఉక్కు ఎఱుపు సరిగ తెలియదు, నీడలోనే తెలియును. ఆ నీడ పనికి కావలసిన సాధనము. అయస్కాంతము గల కమ్మరికి ఇంకొక పరీక్ష కలదు. 770 డిగ్రీల ప్రాంతమున ఇనుము అయస్కాంతమునకు అంటుట మానును. అంటుట మానిన పిమ్మట ఇంకను కొంచెము కాచి ముంచిన చాలును.

నీట ముంచునప్పుడు కమ్మరి ఊరకే వదలక పనిముట్టును నీటిలో కదలించుచుండును. కాలిన ఉక్కు చుట్టును ఆవిరిపొర యేర్పడి నీటిని దగ్గరకు రానీయదు. కదలించినచో ఆ పొర చెదరి, అన్నివైపుల సమముగ చల్లారును. ఉప్పునీరు ఇంకను వేగముగ చల్లార్చును. నూనె మెల్లగ చల్లార్చును. మార్టెన్సైటుగ మాఱునప్పుడు ఉక్కు కొంచెము ఉబ్బును గనుక, సన్నని వస్తువులు నీటిలో ఒక్కొక్కప్పుడు బీటలువాఱును. అట్టివానికి నూనె మేలు.

ఇక రెండవ కాపు. రాళ్ళు కొట్టు ఉలికి పదును పెట్టునప్పుడు పనివాడు చేయు నేర్పును విద్యార్థులు శ్రద్ధగ గమనింపవలెను. ఉలి మొనను రెండు మూడంగుళముల పొడవున ఎఱ్ఱగ కాల్చి, కొనను మాత్రమే నీట ముంచి తీయును. కొన చల్లారి కఠినమైనది. వెనుకభాగము ఇంకను కాలుచున్నది. వెంటనే కొనను రాతిముక్కతో రుద్ది మెఱపించును. వెనుకనున్న వేడిమి మెల్లగ కొనవైపు ప్రాకును. దానితోపాటు వన్నెలును వరుసగ నడచివచ్చును: ముందు పసుపు, దాని వెనుక గోధుమ, దాని వెనుక ఊదా, ఆ వెనుక నీలము. కావలసిన వన్నె కొనకు చేరగనే ఉలినంతయు నీట ముంచును. రెండవ కాపునకు వేఱే మంట అక్కరలేదు. ఉలిలో మిగిలిన వేడిమియే ఆ పని చేసినది.

ఈ వన్నెలు ఉక్కులోనివి కావు. గాలిలోని ప్రాణవాయువు ఉక్కు పైభాగముతో కలిసి అతిపలుచని పొర కట్టును. వేడిమి హెచ్చిన కొలది పొర మందమగును. నీటిమీద తేలు నూనెచుక్కలో రంగులు కనబడు కారణముచేతనే ఈ పొరలోను కనబడును. ఇంచుమించు లెక్క యిది:

లేత గడ్డివన్నె, 220–230 డిగ్రీలు: మంగలికత్తులు, లోహమును చెక్కు పనిముట్లు.
ముదురు గడ్డివన్నె, 240 డిగ్రీలు: బెజ్జములు వేయు పనిముట్లు.
గోధుమవన్నె, 255–260 డిగ్రీలు: వడ్రంగి ఉలులు.
ఊదావన్నె, 275–280 డిగ్రీలు: గొడ్డండ్లు, దెబ్బకు ఓర్వవలసిన ఉలులు.
నీలము, 295–300 డిగ్రీలు: రంపములు, గడియారపు స్ప్రింగులు.

ఈ పట్టికలో ఒక క్రమము కలదు. గీచుటకు మాత్రమే పనికివచ్చు మంగలికత్తికి కాఠిన్యము ముఖ్యము. గొడ్డలికి చేవ ముఖ్యము. ఏ పనిముట్టు ఎన్ని దెబ్బలు తినవలెనో అది అంత కాఠిన్యమును వదలుకొనవలెను.

మన బెజవాడ చరిత్రలో ఈ ఉలికి కొంత స్థానము కలదు. 1852 మొదలు 1855 వఱకు కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణమున కృష్ణపై కట్టిన ఆనకట్ట రాతికట్టడము. అంత రాయిని పగులగొట్టుటకు ఎన్ని ఉలుల మొనలు ఎన్ని మారులు కొలిమికి పోయి వచ్చినవో ఊహింపుడు. 1957లో ప్రకాశం బ్యారేజి ఆ ఆనకట్ట స్థానమున పనిలోనికి వచ్చినది.

ఇంటి గోడలలోని పదును

ఉలి మొనకు కమ్మరి చేయు పనినే నేడు పెద్ద కర్మాగారములు చేయుచున్నవి. మన వన్ టౌన్ వీధులలో ఇండ్లు కట్టుచోట సిమెంటులో నిలుపు ఇనుపకడ్డీలను మీరు నిత్యము చూచుచున్నారు. వానినే టి.ఎం.టి. కడ్డీలు అందురు. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగి, 1992 ఆగష్టు 1వ తేదీన జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారమునందును ఇట్టి కడ్డీలు తయారగుచున్నవి.

ఈ కడ్డీ మరలనుండి సుమారు వేయి డిగ్రీల వేడిమితో బయటకు వచ్చును. వచ్చిన వెంటనే రమారమి ఒక్క క్షణకాలము జోరైన నీటిధారలలోనుండి దూసికొనిపోవును. పైభాగము చల్లారి కఠినమగును. నడిమిభాగము ఇంకను ఎఱ్ఱగ కాలుచునే యుండును. నీటినుండి వెలుపలికి రాగానే ఆ లోపలి వేడిమి పైకి ప్రాకి, పైపొరకు రెండవ కాపు పెట్టును. పిమ్మట నడిమిభాగము గాలిలో మెల్లగ చల్లారి మెత్తగ, సాగుడుగ నుండిపోవును. వెలుపల బలము, లోపల సాగుడుతనము. భూమి కంపించినప్పుడు ఇల్లు ఒక్కమారుగ కూలక నిలుచుటకు ఈ రెండును కావలెను. కడ్డీపై 500 అను అంకె యున్నచో, ప్రతి చదరపు మిల్లీమీటరును సుమారు 51 కిలోల బరువును శాశ్వతముగ సాగకుండ ఓర్వగలదని అర్థము.

విద్యార్థుల తలిదండ్రులు ఇల్లు కట్టించుచున్నచో ఒక మాట జ్ఞప్తియందుంచుకొనవలెను. అట్టి కడ్డీని నిప్పులో కాల్చి వంచరాదు. చల్లగా నున్నప్పుడే వంచవలెను. కాల్చినచో పైపొర పదును పోవును. చూపునకు కడ్డీ అట్లే యుండును. బలము మాత్రము తగ్గును.

పదును చెడు విధములు

వంటింటి కత్తికిని ఇదే న్యాయము. యంత్రపు సానచక్రముమీద కత్తిని అదిమి నూరునప్పుడు అంచున నీలిమచ్చ కనబడినచో, ఆ భాగము 300 డిగ్రీలు చేరినదని అర్థము. అచట కాఠిన్యము తగ్గినది. ఆ అంచు త్వరగ మొద్దుపడును. కావున నూరువాడు మాటిమాటికి కత్తిని నీట ముంచవలెను. కత్తిమొనను పొయ్యిమంటలో కాల్చి వస్తువులకు బెజ్జములు వేయు అలవాటును మానవలెను.

లారీల కమానుపట్టీలు మంచి ఉక్కు. వానికి కర్మాగారమున 400 డిగ్రీలకు పైబడిన రెండవ కాపు పెట్టుదురు. అందుచే అవి వేలకొలది మారులు వంగి లేచినను విఱుగవు. పాతబడిన కమానుపట్టీలను కొని కమ్మరులు కొడవండ్లు, కత్తులు చేయుదురు. కాని కాల్చి సాగగొట్టగనే పట్టీకి పూర్వమున్న పదును పోవును. కక్కు కొట్టిన పిమ్మట మఱల కాచి, ముంచి, రెండవ కాపు పెట్టిననే అది కొడవలి. రెండవ కాపు మఱచినచో కోతనాడు కక్కు పండ్లు రాలును. నీట ముంచుటయే మఱచినచో మధ్యాహ్నమునకే మొద్దుపడును. ఏ విధముగ చూచినను కూలి నష్టపోవునది కోయువారే.

ఆకురాయి మిక్కిలి కఠినము, మిక్కిలి పెళుసు. దానిని సుత్తితో కొట్టరాదు, గునపమువలె వాడరాదు. దానినుండి ఎగిరిన పెచ్చు కంటికి హాని చేయును.

ఇతర పదార్థములు

కాచి చల్లార్చిన అన్ని వస్తువులును ఉక్కువలె ప్రవర్తించునని తలంపరాదు. కంచరి చేతిలోని రాగిరేకు ఇందుకు ప్రత్యక్షనిదర్శనము. రాగి సుత్తిదెబ్బలకు గట్టిపడును. ఎక్కువ కొట్టినచో బీటలువాఱును. అప్పుడు దానిని ఎఱ్ఱగ కాల్చినచో మెత్తబడును. నీట ముంచినను మెత్తగనే యుండును, కఠినము కాదు. రాగిలో కర్బనమును లేదు, వేడిమికి మాఱు కూర్పును లేదు.

అల్యూమినియము కథ ఇంకను వింత. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనునతడు కొంచెము రాగి మొదలగునవి కలిపిన అల్యూమినియమును కాచి నీట ముంచెను. అప్పటికది మెత్తగనే యున్నది. కొన్ని దినములు ఊరక యుంచగా దానియంతట అదియే గట్టిపడినది. పిమ్మట విమాననిర్మాణమునకు అట్టి మిశ్రలోహము ఆధారమైనది.

బస్సుల ప్రక్క కిటికీల అద్దమును 600 డిగ్రీలకు పైగ కాచి గాలితో చల్లార్తురు. పైభాగము ముందు గట్టిపడును. లోపలిభాగము తరువాత చల్లారి ముడుచుకొనుచు పైభాగమును బిగబట్టును. అందుచే అద్దము దెబ్బకు బాగుగ ఓర్చును. పగిలినను వాడి లేని చిన్న చిన్న ముక్కలగును. ఇందు రెండవ కాపు లేదు.

మనకు సమీపమున కొండపల్లి కలదు. అచటి బొమ్మల పనివారు తెల్లపొణికి కఱ్ఱను సన్నని వేడిమిలో ఉంచి చెమ్మ తీసిన పిమ్మటనే చెక్కుదురు. ఇచట వేడిమి చేయు పని చెమ్మను తీయుట. ఉక్కు, రాగి, అద్దము, కఱ్ఱ — నాల్గింటికిని నిప్పు తగులును. నాల్గింటియందును నిప్పు చేయు పని వేఱు. కావున "కాచిన గట్టిపడునా?" అని అడిగినవానికి "ఏ వస్తువు?" అని తిరిగి అడుగుటయే సరియైన ప్రత్యుత్తరము.

కోనసముద్రము

ముందు చెప్పెదమన్న సంగతికి వచ్చుచున్నాము. నేటి తెలంగాణములోని నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. పూర్వము అచట మట్టిమూసలలో ఉక్కు చేయుచుండిరి. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, డమాస్కసు రీతి కత్తులకు తగిన ఉక్కు గోల్కొండ రాజ్యమునుండి వచ్చునని వ్రాసెను. హెన్రీ వాయ్‌సీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కోనసముద్రపు కొలుములను స్వయముగ చూచి వ్రాసిన వర్ణనము 1832లో, ఆయన మరణానంతరము, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురింపబడినది. పారశీకదేశపు వర్తకులు ఆ యుక్కు కొఱకు అంత దూరము వచ్చుచుండిరని అందువలన తెలియుచున్నది.

ఆ పనివారు రెండు చోట్ల దొరకు ఇనుములను తూచి కలిపి, మూసలలో పెట్టి, ఒక పగలు ఒక రాత్రి కాచెడివారు. వచ్చిన ఉక్కుముద్ద మిక్కిలి పెళుసు. దానికి మట్టి పూసి, గంటలకొలది మఱల కాచి మెల్లగ చల్లార్చెడివారు. సుత్తికి లొంగువఱకు ఆ పనినే రెండు మూడు మారులు చేసెడివారు. ఈ జాతి ఉక్కులో కర్బనము నూటికి 1.5 పాళ్ళ ప్రాంతమున నుండును. దానిని మితమైన ఎఱుపులోనే సాగగొట్టవలెను. తెల్లని వేడిమికి అలవాటుపడిన ఐరోపా కమ్మరులు దానిని ఎక్కువ కాచి కొట్టగా, అది వారి దాగలిమీద ముక్కలైపోయినది.

ఐరోపావారు దీనిని వూట్జు అనిరి. ఆ పేరు ఉక్కు అను మన దక్షిణదేశపు మాటనుండి వచ్చినదని పలువురు పండితుల అభిప్రాయము. 1795లో జార్జి పియర్సన్ లండనులోని రాయల్ సొసైటీకి దీనినిగూర్చి నివేదించెను. 1819లో మైకేల్ ఫారడే దీనిని పరీక్షించి వ్యాసము వ్రాసెను. ఆ ఆసక్తి ఆయనను ఉక్కులో ఇతర లోహములను కలిపి చూచు పరిశోధనలకు పురికొల్పినది. 1998లో వెర్‌హోవెన్, పెండ్రే అను అమెరికా దేశస్థులు, ముడిఖనిజముతో వచ్చిన లేశమాత్రపు వెనేడియము వంటి మూలకములు ఆ కత్తులమీది అలలవంటి చారలకు కారణమని చూపిరి. 2010లో బెంగుళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వారును, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయము వారును ఉత్తర తెలంగాణములో ఊరూర తిరిగి, చిట్టెపు గుట్టలను, మూసల పెంకులను పరిశీలించిరి.

ఇందలి విచారకరమైన అంశమును గమనింపుడు. ఫారడే అంతటివాడు శోధించిన ఉక్కును చేసినవారి పేర్లు మనకు తెలియవు. చౌకగా వచ్చిన సీమ ఉక్కుతో పోటీపడలేక ఆ కొలుములు చల్లారినవి. వారి నేర్పు కంటిలోను, చేతిలోను ఉండెను గాని కాగితముమీద లేదు. ఒక్క బాటసారి చూచి వ్రాసిన కొన్ని పుటలును, విఱిగిన మూసల పెంకులును మిగిలినవి. రెండువందల యేండ్ల పిమ్మట పండితులు ఆ పెంకులను చూచి, ఆ పనివారికి తెలిసినదానిని మఱల కనుగొనవలసి వచ్చినది.

విద్యార్థులు చేయవలసిన పని

మన డెల్టాలో నేడు వరికోత యంత్రములు వచ్చి కొడవలికి పని తగ్గినది. గ్రామపు కొలుములు ఒక్కొక్కటిగ మూతపడుచున్నవి. యంత్రము వచ్చుట మేలే. రోజంతయు నడుము వంచి కోయు కష్టము తప్పినది. కాని కొలిమితోపాటు అందలి జ్ఞానమును పోనిచ్చుట మేలు కాదు. మన విద్యార్థులలో కొందఱి తాతలు ఇప్పటికిని ఆ పని చేయుచున్నారు. పాఠ్యపుస్తకములో పదునునుగూర్చి నాలుగు పంక్తులు చదివి మార్కులు తెచ్చుకొను బాలునికంటె, ఊదావన్నె కొనకు వచ్చిన క్షణము గుర్తించు ఆ వృద్ధునికి ఈ విషయమున ఎక్కువ తెలియును. ఆయనవద్ద లేనిది కారణము. మనవద్ద లేనిది నేర్పు. రెండును ఒకచోట చేరవలెను.

కావున వచ్చు సెలవులలో ప్రతి విద్యార్థియు, విద్యార్థినియు తమకు సమీపమున నున్న కొలిమికి పోయి, పెద్దల అనుమతితో, పనికి అడ్డురాకుండ, నిప్పుకు దూరముగ కూర్చుండి చూడవలెను. మామయ్యా యనియో, తాతగారూ యనియో మర్యాదగ పిలిచి అడిగినచో చెప్పని పనివాడు లేడు. ఈ క్రింది ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనుడు:

1. ఈ పనిముట్టునకు ఉక్కు ఎచటనుండి తెచ్చితిరి? మెత్తని ఇనుమునుండి దానిని ఎట్లు వేఱుపఱతురు?
2. ఎంత ఎఱుపు వచ్చువఱకు కాల్తురు? ఆ ఎఱుపును మీరు దేనితో పోల్చి చెప్పుదురు?
3. నీట ముంతురా, నూనెలో ముంతురా? ఏ పనిముట్టును దేనిలో ముంతురు?
4. రెండవ కాపు పెట్టుదురా? ఏ వన్నె వచ్చినప్పుడు ఆపుదురు?
5. చెడిన పదునును ఎట్లు గుర్తింతురు?
6. ఈ పని మీకు ఎవరు నేర్పిరి?

వారు వాడిన మాటలను వాడినట్లే వ్రాయుడు. వానిని పుస్తకభాషలోనికి మార్పకుడు. ఆ మాటలలోనే సగము శాస్త్రము కలదు. చెప్పినవారు సమ్మతించినచో వారి పేరును, ఊరిపేరును తప్పక చేర్పుడు. కోనసముద్రమునందు ఎవరును వ్రాయక విడిచినది ఆ పేరే. వచ్చిన వ్రాతలలో బాగున్నవానిని ఉపాధ్యాయులు సరిచూచిన పిమ్మట వచ్చు సంవత్సరపు సంచికలో ప్రచురింతుము.